మంచులో పలకనివాడు

మా తాత ముత్యాలరాజు గొంతు గురించి ముందు చెప్పాలి. ఆయన మొగలిలంక రేవులో నిలబడి ఒక్క కేక పెడితే రాజోలు సంతలో బేరం ఆగిపోయేది. కొనేవాడూ అమ్మేవాడూ ఇద్దరూ "ఎవరండీ, మమ్మల్నేనా?" అని వెనక్కి తిరిగేవారు. గాలి అటు మళ్లిన రోజున ఆ కేక అంతర్వేది దాకా పోయి, ఒడ్డుకొచ్చే అల కాస్తా సందేహించి ఆగిపోయేదట. కోనసీమ మొత్తమ్మీద అంతటి గొంతు ఇంకోటి లేదు, ఇకముందు పుట్టదు. నమ్మనివాళ్లు వెళ్లి గోదారినే అడగండి.

అలాంటి మనిషి ఒక శీతాకాలమంతా ఇంటింటికీ తిరిగి జనాన్ని బతిమాలుకోవలసొచ్చింది. బావమరిది కోసం. ఆ సంగతే ఇది.

ధవళేశ్వరంలో ఆనకట్ట కడుతున్న రోజులు. మా లంకలో పడవలవాళ్ల పిల్లలు చాలామంది మట్టిపనికి వెళ్లేరు. ఇద్దరు మాత్రం వెళ్లలేదు. ఒకడు ముత్యాలరాజు పెళ్లాం పెద్దింట్లమ్మకి తమ్ముడు, సత్తియ్య. రెండోవాడు వాళ్ల ఇంటికి రెండిళ్ల అవతల ఉండే వీరవేణి ఒక్కగానొక్క కొడుకు, బంగారరాజు.

"ఆనకట్టకి పోతే తట్ట ఇస్తారు, పటాలంలో చేరితే ఎర్రకోటు ఇస్తారు. నెత్తిమీద తట్ట కంటే ఒంటిమీద కోటు నయం కదరా" అన్నాట్ట బంగారరాజు. వాడి మాటకి నవ్వనివాడు లంకలో లేడు. నవ్వుకుంటూనే ఇద్దరూ సామర్లకోట వెళ్లి కుంఫిణీ పటాలంలో చేరిపోయేరు. కొన్నాళ్లకి ఆ పటాలాన్ని ఓడెక్కించి రంగం, అంటే బర్మా, యుద్ధానికి పంపేరు. సముద్రం దాటితే కులం పోతుందన్న భయం అగ్రహారాల వాళ్లది. మాది ఉప్పునీళ్లలో పుట్టిన కులం, పోయేదేం లేదు.

పోయింది బంగారరాజు. యుద్ధంలో చచ్చిపోయేడని, మనిషి మనిషికి చెప్పుకుంటూ కబురు లంక దాకా వచ్చింది. ఎలా పోయేడో కబురు తెచ్చినవాడికీ తెలీదు. వీరవేణి ఇంటి తడిక చాన్నాళ్లు తెరుచుకోలేదు.

తరవాత చలి మొదలయ్యే రోజుల్లో సత్తియ్య వచ్చేడు.

కులపెద్ద పెద్దిరాజుగారు రేవులో డప్పులు పెట్టించేరు. "కుంఫిణీవారి కోసం సముద్రం దాటి యుద్ధం చేసొచ్చినోడు, ఊరుకుంటామేంటి" అన్నారు. పడవ ఇంకా ఒడ్డు తగలకుండానే డప్పులు దరువేశాయి. సత్తియ్య చెవులు రెండూ మూసుకుని పడవ అడుక్కి కూలబడిపోయేడు.

"ఓడ ఊపు ఇంకా దిగలేదండీ పాపం!" అన్నారెవరో. ఊరంతా నవ్వేరు. ముత్యాలరాజు కూడా నవ్వేడు.

ఆ సాయంత్రం నుంచి ముత్యాలరాజు అరుగు ఖాళీ లేదు. రంగంలో ఏనుగులు తెల్లగా ఉంటాయటగా అని ఒకరు, అక్కడి ఆడవాళ్లు చుట్టలు కాలుస్తారటగా అని ఒకరు. "ఎంతమందిని పొడిచేవేటి అబ్బాయ్?" అని ఇంకొకరు. అన్నిటికీ సత్తియ్య ఒకటే జవాబు: "ఆయ్."

"ఆయ్ ఏంట్రా? ఏనుగులకా, ఆడవాళ్లకా?"

"ఆయ్."

మళ్లీ నవ్వులు. గోడకి వీపు ఆనించి కూచునేవాడు. గోడ లేనిచోట నిలబడే ఉండేవాడు. పెరట్లో కొబ్బరికాయ రాలి దబ్బున పడితే, తింటున్న కంచం వదిలేసి నేలమీద బోర్లా పడుకునేవాడు. మొదట్లో దానికీ నవ్వేరు. కొన్నాళ్లకి నవ్వడం మానేసి, అరుగు మీదికి రావడం మానేసేరు.

మాననిది వీరవేణి ఒక్కతే. తడిక తెరుచుకుని రోజూ వచ్చేది. వచ్చి ఒకే మాట అడిగేది: "మా వాడు పోయేముందు ఏమన్నాడు సత్తియ్యా? ఏదో ఒకటి అనే ఉంటాడు. ఊరుకునే రకం కాదు కదా వాడు."

సత్తియ్య లేచి పెరట్లోకి వెళ్లిపోయేవాడు.

"చెప్తాళ్లే పిన్నీ. కుదుటపడనీ" అని పెద్దింట్లమ్మ సర్దిచెప్పేది.

ఒకరోజు వీరవేణి బొమ్మిడాయిల పులుసు వండి ముంతలో తెచ్చింది. బంగారరాజుకి ఇష్టమైన కూర. వాడు లేడు గనక వాడి స్నేహితుడికన్నా పెడదామనుకుంది. సత్తియ్య పెరట్లో అటు తిరిగి వల బాగుచేస్తున్నాడు. ఆవిడ చప్పుడు లేకుండా వెనకనించి వెళ్లి భుజం మీద చెయ్యేసింది.

కేక విని ముత్యాలరాజు పరిగెత్తేసరికి వీరవేణి నేలమీద ఉంది. ఆవిడ గొంతు మీద సత్తియ్య మోచెయ్యి ఉంది. సత్తియ్య కళ్లు ఆవిణ్ణి చూడ్డం లేదు, ఇంకెక్కడో ఉన్నాయి. ముత్యాలరాజు వాణ్ణి నడుం పట్టుకుని లాగి అవతల పడేసేడు. పులుసు ముంత పగిలింది. వీరవేణి కుడిచెయ్యి విరిగింది.

వెదురు బద్దలతో కట్టు కట్టించేరు. ఆ సాయంత్రమే పెద్దిరాజుగారి అరుగు మీద కులం కూచుంది.

చచ్చిన బర్మావాడెవడో సత్తియ్య భుజాలమీదెక్కి సముద్రం దాటొచ్చేడని తీర్మానించేరు. ఏటవతల నుంచి భూతవైద్యుణ్ణి పిలిపించేరు. ఆయన మిరపకాయల పొగ పెట్టి, "ఎవడివిరా నువ్వు? చెప్పు!" అని బెత్తంతో కొట్టేడు. సత్తియ్య దెబ్బలన్నీ కాసుకున్నాడు గానీ నోరు విప్పలేదు. "దీనికి తెలుగు రాదండీ, అందుకే పలకడం లేదు" అని చెప్పి ఆ మహానుభావుడు ఒక కోడిపుంజు పట్టుకుని వెళ్లిపోయేడు.

అప్పుడు పెద్దిరాజుగారు ముత్యాలరాజుని పిలిచేరు.

"చూడు అబ్బాయ్. నీ బావమరిది మీద నాకు కోపం లేదు. కానీ రేపు ఇంకో ఆడకూతురు పీక పట్టుకుంటే నేనేం జవాబు చెప్పను? లంక చిన్నది. దాటించేస్తే ఎక్కడన్నా బతుకుతాడు."

"ఎక్కడ బతుకుతాడండీ? ఊళ్లోనే బతకలేనివాడు దిక్కులేనిచోట బతుకుతాడా? మా ఆడది వాడి వెనకాలే పోతుందండి."

పెద్దిరాజుగారు చాలాసేపు మీసం దువ్వుకున్నారు. "దెబ్బ తిన్నది వీరవేణి. ఆవిడ మాటే కులం మాట. కట్టు విప్పిన రోజున ఆవిడ ఉండమంటే ఉంటాడు, పొమ్మంటే పోతాడు. అందాకా వాడు నీ పూచీ."

ముత్యాలరాజు దారంతా అదే ఆలోచించేడు. ఒక్క కొడుకునీ పోగొట్టుకున్న మనిషి, ఆ కొడుకు పక్కనుండి తను మాత్రం ప్రాణాలతో వచ్చినవాణ్ణి, పైగా తన చెయ్యి విరగ్గొట్టినవాణ్ణి, ఉండమని ఎందుకంటుంది?

ఇంట్లో ఉంచితే ఏమవుతుందోనని వాణ్ణి తనతో పడవ మీదికి తీసుకెళ్లడం మొదలెట్టేడు. కొబ్బరికాయలు నింపుకుని రాజోలు పోవడం, ఉప్పూ పప్పూ వేసుకుని రావడం. నీళ్లమీద వాడు కాస్త నయంగా ఉండేవాడు. వెనకనించి వచ్చేవాళ్లు ఉండరు కదా.

పుష్యమాసంలో ఒక పొద్దున్న మంచు పట్టేసింది. మన చేతిలో ఉన్న గడ కొస మనకే కనపడదు. అలాంటప్పుడు గోదారి మీద ఒక పద్ధతి ఉంది. ఎదట నీళ్ల చప్పుడు వినపడగానే "ఎవరదీ?" అని కేకెయ్యాలి. వచ్చేవాడు తన పేరూ ఊరూ చెప్పి, ఏ పక్కకి తప్పుకుంటున్నాడో చెప్పాలి. పలక్కపోతే రెండు పడవలూ ముక్కులు గుద్దుకుంటాయి. అందరూ పలుకుతారు, మా లంక కుర్రాళ్లు తప్ప. పలక్కుండా సద్దు చెయ్యకుండా వచ్చి, ఎదటి పడవకి దబ్బున తగిలించి, "చచ్చేవురా!" అని పకపకా నవ్వడం వాళ్లకో ఆట. ఎన్నిసార్లు తిట్లు తిన్నా మానేవారు కారు.

ఆ పొద్దున్న ఎదరనించి కేక వచ్చింది.

"ఎవరదీ?"

ముత్యాలరాజు జవాబిచ్చేడు. ఇక్కడ ఆయన గొంతు సంగతి మళ్లీ ఎత్తక తప్పదు. మొదట్లో నేను చెప్పినదంతా, అదేనండీ, రాజోలు సంతా అంతర్వేది అలా, శుద్ధ అబద్ధం. ఆయన గొంతు జలుబు చేసిన బాతు గొంతు. అరుగు మీదనించి పిలిస్తే వంటింట్లో పెద్దింట్లమ్మకే వినపడేది కాదు. ఆవిడ వినపడనట్టు ఉండేదని కొందరు అంటారు, అది వేరే కథ. నవ్వండి, ఫర్వాలేదు. కానీ ఆ బాతు గొంతు వల్లే ఆ పొద్దున్న ఎదటి పడవవాడికి ఆయన జవాబు వినపడలేదు. వాడు మళ్లీ మళ్లీ కేకేసేడు.

"ఎవరదీ? పలకరేం? ఎవరదీ?"

ముత్యాలరాజు పడవ ముక్కు వైపు చూసేడు. సత్తియ్య లేచి నిలబడి ఉన్నాడు. చేతిలో గడ భుజానికి ఆనించి, కొస మంచులోకి చూపిస్తున్నాడు, తుపాకీలాగ.

"పలుకు" అంటున్నాడు. "పలకరా. పలకరా బంగారం. దణ్ణం పెడతాను, పలుకు."

ఎదటి పడవ ఎలాగో తప్పుకుని వెళ్లిపోయింది. ముత్యాలరాజు చుక్కాని వదిలేసి వాడి దగ్గిరికి వెళ్లబోయేడు. వెనకనించి పట్టుకోబోయి, ఎందుకో ఆగి, చుట్టూ తిరిగి ఎదటికి వచ్చి, "సత్తియ్యా, నేనూ, బావని" అన్నాడు. గడ వాడి చేతుల్లోంచి జారి నీళ్లలో పడింది. పడవ పోయి ఇసుక తిప్ప ఎక్కింది.

మంచు విడిచేదాకా కదలడానికి లేదు. ఆ తెల్లటి మంచులో, కొబ్బరికాయల మీద కూచుని, సత్తియ్య చెప్పేడు.

అక్కడా ఇలాంటి మంచేనట. ఏటి ఒడ్డున గుడారాలు. తెల్లవారగట్ల పహరా సత్తియ్యది. అంతకు ముందురోజే శత్రువులు మంచు చాటున వచ్చి ఇద్దర్ని నరికి పోయేరు. అడుగుల చప్పుడు వినపడితే "ఎవరదీ" అని అడగాలి, పలక్కపోతే కాల్చాలి. అది హుకుం. వెనకనించి అడుగులు వినపడ్డాయి. సత్తియ్య అడిగేడు. పటాలం మాటలో అడిగేడు, భయమేసి మన మాటలో కూడా అడిగేడు. పలకలేదు. అడుగులు దగ్గిరికి వస్తూనే ఉన్నాయి.

"ఆట ఆడేడు బావా" అన్నాడు సత్తియ్య. "మన గోదారి మీద ఆడినట్టే ఆడేడు. అదేదో మనూరనుకున్నాడు. దగ్గిరికెళ్లి చూస్తే నవ్వు ఇంకా మొహాన ఉంది."

లోకంలో ఇంకే ఊరివాడైనా పలికి ఉండేవాడు. మా లంకవాడు గనక పలకలేదు.

"ఎవరికీ చెప్పలేదా?"

"దొరలకి తెలుసు. తప్పు లేదన్నారు. భుజం తట్టేరు." మళ్లీ అన్నాడు: "పిన్ని రోజూ వచ్చి వాడేమన్నాడని అడుగుతుంది బావా. ఏమీ అనలేదు. అంటే బతికుండేవాడు."

ఆ రోజు ముత్యాలరాజు ఇంటికొచ్చి పెద్దింట్లమ్మతో కూడా ఆ సంగతి అనలేదు. కానీ ఒకటి అర్థమైంది ఆయనకి. ఊరు ఊరంతా, మంచికో చెడ్డకో, వాణ్ణి అడుగుతూనే ఉంది. డప్పుల రోజునించి భూతవైద్యుడి దాకా అందరివీ ప్రశ్నలే. వాడికి ప్రశ్న వినపడితే తరవాత వినపడేది తుపాకీ.

మర్నాటినించి ఇంటింటికీ తిరిగేడు. "మా వాణ్ణి ఏమీ అడక్కండి బాబూ. వెనకనించి రాకండి. వాడి కంటికి ఆనేముందే, దూరాన్నించే, మీ పేరు మీరే చెప్పుకుంటూ రండి. అంతే."

"అదేం చోద్యం? నా పేరు నేను కేకేసుకుంటూ పోవడానికి నేనేమన్నా గాజులమ్మేవాణ్ణా?" అన్నాడొకాయన.

"నీ పేరు తెలీక కాదు బావగారూ, నువ్వొస్తున్నట్టు తెలియాలని."

"నేనొస్తే వాసనే చెప్తుంది కదయ్యా, పొద్దస్తమానం చేపల్లోనే ఉంటాను" అంది ఇంకొకామె. కానీ మర్నాడు ఆవిడే సందు చివర్నించి "సత్తియ్యా, నేన్రా, కాంతాన్ని! గంపలో రొయ్యలున్నాయి, పేరుతో పాటు అవీ చెప్తున్నాను, కావాలంటే మీ అక్కని పంపు!" అని అరిచింది. సందు సందంతా నవ్వేరు. సత్తియ్య నవ్వలేదు గానీ, "ఆయ్, కాంతమక్కా" అన్నాడు. వచ్చిన దగ్గర్నించి వాడు బతికున్న మనిషిని పేరు పెట్టి పిలవడం అదే మొదలు. పెద్దింట్లమ్మ తలుపు చాటున కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

తరవాత తరవాత అది ఊరి పద్ధతి అయిపోయింది. కాయలు దింపేవాళ్లు చెట్టెక్కి "గెల పడుతోందర్రా!" అని కేకేసి, వాడు తల ఊపేక కోసేవారు. పెద్దిరాజుగారంతటి మనిషి కర్ర పొడుచుకుంటూ వస్తూ, "నేనయ్యా, పెద్దిరాజుని" అని గొణిగేవారు, ఎవరన్నా వింటున్నారేమోనని అటూ ఇటూ చూసి. అందరూ అలా ఉన్నారని కాదు. కొందరు ఆ సందే మానేసేరు. ఒకాయన మాత్రం చాటుగా వచ్చి డప్పు కొట్టి చూసేడు, ఏమవుతుందో చూద్దామని. సత్తియ్య రోజంతా మొగలి పొదల్లో దాక్కుంటే ముత్యాలరాజు పొద్దువాలేదాకా పొద బయట కూచుని తన పేరు చెప్తూనే ఉన్నాడు.

కట్టు విప్పే రోజు వచ్చింది.

బయల్దేరేముందు సత్తియ్య అన్నాడు: "పిన్నికి చెప్పేస్తాను బావా."

"పిచ్చివాడా! చెప్తే ఉండనిస్తుందా? ఈ ఒక్కరోజూ నోరు మూసుకో. ఉండమననీ. తరవాత ఎప్పుడన్నా చెప్పుకుందువుగాని."

"ఆవిడికి తెలీకుండా ఉండమంటే, ఆ ఉండమన్నది నన్ను కాదు కదా బావా."

పెద్దింట్లమ్మని కూడా తీసుకుని బయల్దేరేరు. అక్కడ పెద్దిరాజుగారి అరుగు నిండా జనం. బద్దలు విప్పేరు. వీరవేణి చెయ్యి వంకరగా అతికింది. పెద్దిరాజుగారు ఆవిణ్ణి అడగబోయేలోపల సత్తియ్య ముందుకొచ్చి, అల్లంత దూరంలో ఆగేడు.

"పిన్నీ, నేనూ, సత్తియ్యని" అన్నాడు. అని అంతా చెప్పేడు. మంచూ, పహరా, అడుగులూ. ఏదీ దాచలేదు, ఏదీ ఎక్కువ చెయ్యలేదు.

ముత్యాలరాజు భార్య చెయ్యి పట్టుకున్నాడు. పడవ ఎక్కడికి తోలాలి, మూటలో ఏం కట్టాలి అని ఆలోచిస్తున్నాడు.

వీరవేణి అడిగింది: "పిలిచేవా?"

"పిలిచేను పిన్నీ."

"పలకలేదూ?"

"పలకలేదు."

"పలకడు" అంది వీరవేణి. "నేను అన్నానికి పిలిచినా పలికేవాడు కాదు. తడిక వెనకాల దాక్కుని నవ్వేవాడు."

తరవాత ఆవిడ లేచి, ఆ వంకర చేత్తోనే సత్తియ్య తల నిమిరి, "వాడెలాగూ రాడు నాయనా, నువ్వన్నా ఉండు" అంది. అరుగు మీద మగవాళ్లంతా కండువాలు మొహాలకి అడ్డం పెట్టుకున్నారు. సత్తియ్య మా లంకలోనే ఉన్నాడు, గడ వేస్తూ, వలలు అల్లుతూ, పెళ్లి చేసుకోకుండా, పోయేదాకా.

ఇక్కడితో ఆపేద్దామనే అనుకున్నాను. కానీ మొదటి అబద్ధం నవ్వుకుంటూ ఒప్పుకున్నవాణ్ణి, దీన్ని దాచుకుని ఏం బావుకుంటాను? ఆవిడ తల నిమరలేదు. ఉండమనీ అనలేదు. అది నేను అల్లినది. ఎన్నిసార్లు ఈ కథ చెప్పినా ఆ చోటికి వచ్చేసరికి చెయ్యి దానంతటదే వాడి తలమీదికి పోతుంది, ఏం చెయ్యను.

"తడిక వెనకాల దాక్కుని నవ్వేవాడు" అన్నదాకా నిజం. ఆ మాట అని ఆవిడ లేచి ఇంటికి వెళ్లిపోయింది. పెద్దిరాజుగారు పొద్దుగూకేదాకా చూసి, "పొమ్మని అనలేదు కదర్రా" అని తనూ లేచి వెళ్లిపోయేరు. దాని మీదనే ఉన్నాడు సత్తియ్య. ఇక ఆవిడ, రేవుకి దగ్గిర దారి మా తాత ఇంటి ముందునించే అయినా, బతికినన్నాళ్లూ వంకర చేత్తో బిందె పట్టుకుని ఏటిగట్టు చుట్టూ తిరిగి వెళ్లేది. తన అడుగులు వాడికి వినపడకూడదనో, వాడి ఇంటిముందు తన పేరు చెప్పుకోవడం ఇష్టం లేకో. ఆవిణ్ణి ఎవరూ అడగలేదు.